పాచికతో కొండను గీద్దాం

జామెట్రీ పెట్టె ముందు పెట్టుకొని ఒక ఘనాన్ని గీయమంటే మీలో ఎవరైనా గీయగలరు. ఎనిమిది శీర్షాలు, పన్నెండు అంచులు. స్కేలు, పెన్సిలు ఉంటే చాలు. వృత్తం గీయమన్నా కష్టం లేదు, వృత్తలేఖిని ఉంది. మరి అదే పెట్టెతో ఒక కొండను గీయండి, చూద్దాం! స్కేలు పెట్టి గీస్తే గుడారంలా వస్తుంది. వృత్తలేఖినితో గీస్తే బోర్లించిన మూకుడులా వస్తుంది. కొండకు పాఠ్యపుస్తకంలో సూత్రం లేదు. మేఘానికి లేదు. మంటకు అసలే లేదు.

చిత్రకారుడికి ఇది పెద్ద చిక్కు కాదు. అతని కన్ను కొండను చూసింది, చెయ్యి దానంతట అదే వంకరలు తిరుగుతుంది. కంప్యూటరుకు కన్నూ లేదు, చెయ్యీ లేదు. దానికి తెలిసినవి సంఖ్యలు మాత్రమే. బొమ్మలోని ప్రతి బిందువూ ఎక్కడ ఉండాలో, ఎంత ఎత్తున ఉండాలో మనం సంఖ్యలలో చెప్పాలి. బల్ల, ఇల్లు, విమానం వంటి మనిషి చేసిన వస్తువులకు కొలతలు ముందే ఉంటాయి కాబట్టి వాటిని చెప్పవచ్చు. కొండ మీది ప్రతి రాయికీ, ప్రతి మిట్టకూ, ప్రతి పల్లానికీ కొలతలు ఎవరు ఇస్తారు?

విమానం వెనుక కొండ

1970 దశకం చివరలో ఈ చిక్కు అమెరికాలో లోరెన్ కార్పెంటర్ అనే ఆయనకు ఎదురయింది. ఆయన బోయింగ్ విమానాల కంపెనీలో కంప్యూటరు బొమ్మలపై పనిచేసేవాడు. కొత్త విమానం ఎలా ఉంటుందో కంప్యూటరు చేత గీయించడం అక్కడి పని. విమానం చక్కగానే వచ్చేది. అయితే విమానం గాలిలో ఎగురుతున్నట్లు కనిపించాలంటే దాని వెనుక నేల, కొండలు ఉండాలి కదా! చేతితో లెక్కలు కట్టి పెద్ద పెద్ద త్రిభుజాలు అతికిస్తే, కాగితం మడతపెట్టి నిలబెట్టినట్లు ఉన్నాయి ఆ కొండలు. నిజమైన కొండలా కనిపించాలంటే లక్షల త్రిభుజాలు కావాలి. అన్నింటిని చేతితో చెప్పడం ఒక జన్మకు తెమిలే పని కాదు. చెప్పినా, ఆనాటి కంప్యూటర్ల జ్ఞాపకశక్తిలో వాటిని దాచే చోటు లేదు.

1978లో ఆయన కంటికి ఒక పుస్తకం కనబడింది. దానిని రాసినవాడు బెన్వా మాండెల్‌బ్రాట్. పోలండులో పుట్టి, ఫ్రాన్సులో చదువుకొని, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన గణితజ్ఞుడు. ముక్కలు చెక్కలుగా, గరుకుగా ఉండే ఆకారాలకు ఆయన 1975లో ‘ఫ్రాక్టల్’ అని పేరు పెట్టాడు. ఆ పుస్తకంలో కొండల బొమ్మలు ఉన్నాయి కాని, వాటిని త్వరగా గీసే ఉపాయం కార్పెంటర్‌కు కావలసిన రూపంలో లేదు. దానిని ఆయనే వెతుక్కోవలసి వచ్చింది.

మాండెల్‌బ్రాట్‌కు ఈ ఆలోచన రావడానికి వెనుక ఒక తమాషా విషయం ఉంది. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త దేశాల సరిహద్దుల పొడవులు సేకరించాడు. స్పెయిన్, పోర్చుగల్ దేశాల మధ్య ఉన్నది ఒకటే సరిహద్దు. కాని ఒక లెక్క ప్రకారం దాని పొడవు 987 కిలోమీటర్లు, మరొక లెక్క ప్రకారం 1,214 కిలోమీటర్లు! ఎవరూ అబద్ధం చెప్పలేదు. పెద్ద కొలబద్దతో కొలిచినవారు చిన్న చిన్న వంకరలను దాటేశారు; చిన్న కొలబద్దతో కొలిచినవారు వాటిలోకి కూడా దూరారు. 1967లో మాండెల్‌బ్రాట్ బ్రిటన్ సముద్రతీరం పొడవు ఎంత అనే ప్రశ్నతో ఒక వ్యాసం రాసి, ఈ సంగతిని లోకానికి చాటాడు. తీరంలో పెద్ద వంకర లోపల చిన్న వంకర, దాని లోపల ఇంకా చిన్న వంకర ఉంటాయి. దగ్గరకు వెళ్ళినకొద్దీ కొత్త వంకరలు బయటపడుతూనే ఉంటాయి.

కొండ సంగతి కూడా అంతే. భూవిజ్ఞాన శాస్త్రవేత్తలు రాతి ఫోటో తీసేటప్పుడు పక్కన ఒక సుత్తినో, నాణేన్నో పెడతారు, గమనించారా? అది లేకపోతే ఫోటోలో ఉన్నది పిడికెడు రాయో, పెద్ద కొండ చరియో చెప్పడం కష్టం. చిన్న రాయి గరుకుదనమూ, పెద్ద కొండ గరుకుదనమూ ఒకే తీరుగా ఉంటాయి, కొలతలే వేరు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. దీనితోనే మనం ఇప్పుడు కొండను గీయబోతున్నాం.

గ్రాఫు కాగితం, ఒక పాచిక

వైకుంఠపాళి ఆడే పాచిక ఒకటి, ఒక గ్రాఫు కాగితం తెచ్చుకోండి. పాచికలో పడిన అంకెను ఈ విధంగా చదవాలి: 6 పడితే మూడు మెట్లు పైకి, 5 పడితే రెండు మెట్లు పైకి, 4 పడితే ఒక మెట్టు పైకి. 3 పడితే ఒక మెట్టు కిందికి, 2 పడితే రెండు మెట్లు కిందికి, 1 పడితే మూడు మెట్లు కిందికి.

కాగితం మీద 16 సెంటీమీటర్ల అడ్డగీత గీయండి. దాని రెండు చివరల ఎత్తు సున్న. మొదటి విడతలో ఒక మెట్టు అంటే 16 మిల్లీమీటర్లు. గీత మధ్య బిందువు 8 సెంటీమీటర్ల దగ్గర ఉంది. పాచిక వేయండి. నేను వేస్తే 5 పడింది. రెండు మెట్లు, అంటే 32 మిల్లీమీటర్లు పైకి. అక్కడ చుక్క పెట్టి రెండు చివరలకూ కలిపితే గుడారం వచ్చింది.

రెండవ విడతలో మెట్టును సగం చేయాలి: 8 మిల్లీమీటర్లు. ఇప్పుడు గుడారం రెండు వాలుల మధ్య బిందువులను తీసుకోవాలి. 4 సెంటీమీటర్ల దగ్గర వాలు ఎత్తు 0, 32ల సగటు, అంటే 16. పాచికలో 3 పడింది. ఒక మెట్టు కిందికి. 16లో 8 పోతే 8. రెండవ వైపు 12 సెంటీమీటర్ల దగ్గర కూడా సగటు 16. ఇక్కడ 6 పడింది. మూడు మెట్లు, అంటే 24 పైకి. మొత్తం 40. చూశారా, మొదట శిఖరం అనుకున్నది ఇప్పుడు పక్క భుజం అయింది! అసలు శిఖరం పక్కకు జరిగింది.

మూడవ విడతలో మెట్టు 4 మిల్లీమీటర్లు. ఇప్పుడు నాలుగు మధ్య బిందువులు ఉన్నాయి. నాకు వరుసగా 4, 3, 2, 5 పడ్డాయి. 2 సెంటీమీటర్ల దగ్గర 0, 8ల సగటు 4, దానికి 4 కలిపితే 8. 6 సెంటీమీటర్ల దగ్గర 8, 32ల సగటు 20, అందులో 4 పోతే 16. 10 దగ్గర 32, 40ల సగటు 36, అందులో 8 పోతే 28. 14 దగ్గర 40, 0ల సగటు 20, దానికి 8 కలిపితే 28. ఇప్పుడు ఎడమ నుంచి కుడికి, రెండేసి సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఎత్తులు ఇవి: 0, 8, 8, 16, 32, 28, 40, 28, 0.

చుక్కలు కలిపి చూడండి. ఎడమవైపు మెల్లగా ఎక్కే వాలు, నడుమ ఒక చిన్న లోయ, ఆ తరువాత శిఖరం, కుడివైపు నిటారుగా దిగే చరియ. నాలుగవ విడత 2 మిల్లీమీటర్ల మెట్టుతో, అయిదవ విడత 1 మిల్లీమీటరు మెట్టుతో మీరు పూర్తి చేయండి. మొత్తం 31 సార్లు పాచిక వేయాలి. పక్క బెంచీ మీది స్నేహితుడు వేస్తే మరో కొండ వస్తుంది. తరగతిలో నలభై మంది ఉంటే నలభై కొండలు వస్తాయి. ఏ రెండూ ఒకలా ఉండవు, కాని అన్నీ కొండల్లాగే ఉంటాయి. మొదటిసారే 1 పడిన దురదృష్టవంతుడికి మాత్రం కొండకు బదులు లోయ దొరుకుతుంది. అతడు దానికి నీలం రంగు వేసుకోవచ్చు.

“పాచిక ఎందుకు మాస్టారూ? మనసుకు తోచిన అంకెలు వేస్తే పోలేదా?” అని ఒక చురుకైనవాడు తప్పక అడుగుతాడు. పోతుంది! మనసు పాచికలా పనిచేయదు. కావాలంటే ఈ పరీక్ష చేయండి. తరగతిలో సగం మందిని నాణెం నిజంగా 100 సార్లు ఎగరవేసి బొమ్మా బొరుసుల వరుస రాయమనండి. మిగిలిన సగం మందిని నాణెం ముట్టుకోకుండా ఊహించి రాయమనండి. కాగితాలు కలిపేసి నా దగ్గరకు తెస్తే, చాలావరకు ఏవి నిజమో ఏవి ఊహో విడదీసి ఇవ్వగలను. ఇందులో మంత్రం ఏమీ లేదు. 100 సార్లు నిజంగా ఎగరవేస్తే ఎక్కడో ఒకచోట వరుసగా అయిదో అంతకన్నా ఎక్కువో బొమ్మలు గాని, బొరుసులు గాని పడే అవకాశం నూటికి సుమారు 97. ఊహించి రాసేవాడు మాత్రం మూడు బొమ్మలు వరుసగా రాయగానే, “ఇంక చాలు, ఒక బొరుసు రాద్దాం” అనుకుంటాడు. నక్షత్రాలు గీయమన్నా అంతే. మనవాళ్ళు నారు నాటినట్లు సమానంగా దూరం దూరంగా పెడతారు. నిజమైన ఆకాశంలో ఒకచోట గుంపు, ఒకచోట ఖాళీ. యాదృచ్ఛికతకు గుంపులంటే భయం లేదు.

పగ్గం సంగతి

పాచిక ఉంటే చాలునా? చాలదు. అదే పాచికతో ఇంకో రెండు బొమ్మలు గీసి చూడండి. మొదటి దానిలో మెట్టును తగ్గించకుండా ప్రతి విడతలోనూ 16 మిల్లీమీటర్లే ఉంచండి. వచ్చేది కొండ కాదు, పాడైన రంపం. రెండవ దానిలో మెట్టును విడతకు నాలుగో వంతు చేయండి: 16, 4, 1. అప్పుడు గుడారం గుడారంలాగే ఉండిపోతుంది, అంచున కాస్త గీసుకుపోయినట్లు ఉంటుంది, అంతే. మూడు బొమ్మల్లోనూ పాచిక ఒకటే. తేడా అంతా మెట్టు ఏ వంతున తగ్గుతున్నది అనే దానిలోనే ఉంది. యాదృచ్ఛికతను అచ్చోసిన ఆంబోతులా వదిలేస్తే పొలం తొక్కేస్తుంది. పగ్గం మరీ బిగిస్తే నడవదు. చిన్న రాయి గరుకు, పెద్ద కొండ గరుకు ఒకే తీరుగా ఉంటాయని చెప్పుకున్నాం కదా. ప్రతి విడతలోనూ మెట్టును ఒకే వంతున తగ్గించడమంటే ఆ మాటను సంఖ్యలలో చెప్పడమే.

సగం వంతున తగ్గిస్తే మన తూర్పు కనుమల లాంటి అరిగిపోయిన పాత కొండలు వస్తాయి. 0.7 వంతున, అంటే సుమారుగా 16, 11, 8, 6, 4 మిల్లీమీటర్లుగా తగ్గించి చూడండి. హిమాలయాల వంటి మొనలు తేలిన కొండలు వస్తాయి. కొండ వయస్సును ఒక దశాంశ సంఖ్యతో మార్చగలగడం నాకు ఈ పద్ధతి మొత్తంలో ఎంతో నచ్చిన విషయం.

గీత నుంచి నేలకు

మనం గీసింది కొండ అంచు మాత్రమే. విమానం దాని మీదుగా ఎగరాలంటే మూడు పరిమాణాల నేల కావాలి. అందుకు గీతకు బదులు త్రిభుజంతో మొదలుపెట్టాలి. మూడు భుజాల మధ్య బిందువులను పాచిక ప్రకారం పైకో కిందికో జరిపి కలిపితే, ఒక త్రిభుజం నాలుగు చిన్న త్రిభుజాలు అవుతుంది. మళ్ళీ చేస్తే 16, ఆపైన 64. పదవ విడతకు 4ను పదిసార్లు గుణించినంత, అంటే 10,48,576 త్రిభుజాలు! మనం చెప్పింది మూడు శీర్షాలు, ఒక వంతు. వచ్చింది పది లక్షల పైచిలుకు త్రిభుజాలు. జ్ఞాపకశక్తి తక్కువైన ఆనాటి కంప్యూటరుకు ఇది వరమే అయింది. కొండను దాచనక్కరలేదు, కొండను చేసే విధానాన్ని దాచుకుంటే చాలు.

కాని ఇక్కడ రెండు చిక్కులు వచ్చిపడ్డాయి. గ్రాఫు కాగితం మీద అవి మనకు తెలియలేదు.

మొదటిది పగుళ్ళ చిక్కు. పక్కపక్కన ఉన్న రెండు త్రిభుజాలకు నడుమ ఉన్న భుజం ఒకటే. ఎడమ త్రిభుజాన్ని చీల్చేటప్పుడు ఆ భుజం మధ్య బిందువుకు పాచిక వేశాం. 5 పడి పైకి పోయింది. తరువాత కుడి త్రిభుజాన్ని చీల్చేటప్పుడు అదే బిందువుకు మళ్ళీ పాచిక వేస్తే 2 పడి కిందికి పోయింది. ఒకే చోట రెండు ఎత్తులు! నేల నెర్రె విచ్చి, ఆ సందులోంచి అవతలి ఆకాశం కనిపిస్తుంది.

రెండవది ఇంకా గడ్డు చిక్కు. సినిమాలో సెకండుకు 24 బొమ్మలు, అంటే 24 ఫ్రేములు ఉంటాయి. ప్రతి ఫ్రేముకూ కెమేరా కాస్త ముందుకు జరుగుతుంది. దగ్గరున్న కొండను ఎక్కువసార్లు చీల్చాలి, దూరపు కొండను తక్కువసార్లు చీల్చితే చాలు. అంటే ప్రతి ఫ్రేములో కొండను మళ్ళీ కొత్తగా తయారు చేయాలి. ప్రతిసారీ కొత్తగా పాచిక వేస్తే ప్రతి ఫ్రేముకూ కొత్త కొండ వస్తుంది. తెర మీద కొండలు ఉడుకుతున్న అన్నంలా కుతకుతలాడతాయి.

కాబట్టి మనకు కావలసింది ఒక విచిత్రమైన పాచిక. చూసేవారికి యాదృచ్ఛికంగా ఉండాలి, కాని అదే ప్రశ్నను ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు చెప్పాలి. అటువంటి పాచిక ఉందా? ఉంది. కంప్యూటరులో ఉన్నది అదే.

మళ్ళీ మళ్ళీ అదే పడే పాచిక

కంప్యూటరు చెప్పినట్లు వినే యంత్రం. దానికి నాణెం ఎగరవేయడం రాదు. అందుచేత అది లెక్క చేసి యాదృచ్ఛికంగా కనిపించే సంఖ్యలను పుట్టిస్తుంది. 1949లో డి. హెచ్. లెమర్ అనే అమెరికన్ గణితజ్ఞుడు ప్రతిపాదించిన పద్ధతికి దగ్గరగా ఉండే ఒక చిన్న లెక్క చూడండి. ఏదో ఒక సంఖ్యతో మొదలుపెట్టండి. దానిని 5తో గుణించి, 3 కలిపి, 16తో భాగించి, శేషం రాయండి. ఆ శేషంతో మళ్ళీ అదే లెక్క చేయండి.

7తో మొదలుపెడితే: 7 అయిదులు 35, మూడు కలిపితే 38, 16తో భాగిస్తే శేషం 6. తరువాత 33, శేషం 1. ఇలా చేసుకుంటూ పోతే వరుస ఇది: 7, 6, 1, 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4. ఆ తరువాత మళ్ళీ 7. సున్న నుంచి 15 వరకు ప్రతి సంఖ్యా ఒక్కొక్కసారి వచ్చింది. వరుస మాత్రం చెదిరినట్లుంది. మొదటి సంఖ్యను ‘విత్తనం’ అంటారు. ఎంత చక్కని పేరు! అదే విత్తనం నాటితే అదే చెట్టు మొలుస్తుంది. ప్రపంచంలో ఎవరు, ఎక్కడ 7తో మొదలుపెట్టినా ఇదే వరుస వస్తుంది.

ఇక పై చిక్కులు విడిపోయినట్లే. ప్రతి శీర్షానికీ ఒక సంఖ్య ఇస్తారు. ఒక భుజం మధ్య బిందువుకు పాచిక వేయవలసి వస్తే, ఆ భుజం రెండు చివరల సంఖ్యలనే విత్తనంగా వాడతారు. ఎడమ త్రిభుజం అడిగినా, కుడి త్రిభుజం అడిగినా, రేపటి ఫ్రేములో కెమేరా ఎక్కడి నుంచి అడిగినా జవాబు ఒక్కటే. పగుళ్ళు లేవు, ఉడకడమూ లేదు. మీలో కొందరు ఆడే మైన్‌క్రాఫ్ట్ ఆటలో కూడా ఈ విత్తనమే ఉంది. ఒకే రకం ఆటలో మీ స్నేహితుడికి మీ విత్తనం సంఖ్య చెబితే, మీరు తిరిగిన కొండలూ గుహలూ అతడి తెర మీద కూడా వస్తాయి. మీరు పంపింది ఒక సంఖ్య. అతడికి అందింది ఒక లోకం.

అయితే ఈ లెక్కల పాచికలను కళ్ళు మూసుకొని నమ్మకూడదు. పైన ఉన్న వరుసను మళ్ళీ చదవండి: బేసి, సరి, బేసి, సరి, బేసి, సరి! ‘బేసి పడితే కిందికి, సరి పడితే పైకి’ అని నియమం పెట్టుకొని ఉంటే మన కొండ ఏమయ్యేది? ఒకటి తప్పించి ఒకటి కోసినట్లు రంపపు పళ్ళయ్యేది. అదే ‘8 కన్నా తక్కువైతే కిందికి, లేకపోతే పైకి’ అనుకుంటే ఈ తప్పు బయటపడదు. ఇది చిన్నపిల్లల లెక్క కాబట్టి ఇలా ఉందనుకోకండి. 1960లలో పెద్ద కంప్యూటర్లలో విరివిగా వాడిన ‘రాండు’ అనే లెక్క ఉండేది. దాని సంఖ్యలను మూడేసి చొప్పున తీసుకొని గదిలో చుక్కలుగా పెడితే, చుక్కలు గదంతా పరుచుకోవలసింది పోయి కేవలం 15 సమతలాల మీద బారులు తీరాయి. దానిని నమ్ముకొని చేసిన లెక్కలన్నీ అనుమానాస్పదమయ్యాయి. ఈనాటి పద్ధతులు అంతకన్నా ఎంతో మెరుగు.

రెండు నిమిషాల సినిమా

కార్పెంటర్ తన కొండలతో ‘వోల్ లిబ్రె’ అనే రెండు నిమిషాల చిన్న చిత్రం తయారు చేశాడు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు స్వేచ్ఛగా ఎగరడం అని అర్థం. 1980లో సియాటిల్ నగరంలో జరిగిన కంప్యూటరు చిత్రాల మహాసభలో దానిని చూపించాడు. పక్షి ఎగురుతున్నట్లు కెమేరా కొండల మధ్య దూరి, లోయల్లో దిగి, శిఖరాల మీదుగా పోతుంటే చూసినవారు నివ్వెరపోయారు. ఆ ప్రదర్శన ఫలితంగానే ఆయనకు లూకాస్‌ఫిలిం సంస్థలో ఉద్యోగం దొరికింది. ఫూర్నియే, ఫస్సెల్ అనే ఇద్దరితో కలిసి ఆయన ఈ పద్ధతిని 1982లో వ్యాసంగా ప్రకటించాడు. అదే ఏడాది విడుదలైన ‘స్టార్ ట్రెక్’ రెండవ చిత్రంలో, జీవం లేని ఒక గ్రహం చూస్తుండగానే పచ్చబడే దృశ్యం సుమారు ఒక నిమిషం పాటు ఉంటుంది. అందులోని కొండలు ఈ పద్ధతిలో చేసినవే.

ఆ దృశ్యంలోనే గ్రహం చుట్టూ ఒక నిప్పుల గోడ పరుచుకుంటూ పోతుంది. మంటకు అంచు లేదు, తలం లేదు. త్రిభుజాలతో దానిని కట్టలేం. విలియం రీవ్స్ అనే ఆయన దీనికి వేరే దారి పట్టాడు. దీపావళినాడు చిచ్చుబుడ్డి వెలిగించి గమనించండి. మంట అని మనం అనుకునేది వేలకొద్దీ నిప్పురవ్వల గుంపు. ఒక్కొక్క రవ్వ పుడుతుంది, ఎగురుతుంది, రంగు మారుతుంది, ఆరిపోతుంది. రీవ్స్ చేసింది కూడా అంతే. ప్రతి రవ్వకూ పుట్టిన చోటు, వేగం, రంగు, ఆయుష్షు ఇచ్చాడు. సగటు వేగం సెకండుకు 10 మీటర్లు అనుకోండి; అటూ ఇటూ 3 మీటర్ల వరకు పాచిక ప్రకారం మార్చితే, 7 నుంచి 13 వరకు రకరకాల వేగాలు వస్తాయి. అక్కడితో పాచిక పని అయిపోయింది. మిగిలింది మీ భౌతికశాస్త్రం పాఠమే: గురుత్వాకర్షణ వల్ల ప్రతి సెకండుకూ వేగం 9.8 చొప్పున, అంటే ప్రతి ఫ్రేముకూ సుమారు 0.4 చొప్పున తగ్గుతుంది. సెకండుకు 10 మీటర్ల వేగంతో నిలువుగా ఎగిరిన రవ్వ ఇంచుమించు 24 ఫ్రేములకు ఆగి కిందికి తిరుగుతుంది. పుట్టుక యాదృచ్ఛికం, నడక నియమబద్ధం. ఆ నిప్పుల గోడలో కొన్ని ఫ్రేములకు లక్షల కొద్దీ రవ్వలు వాడారు. రవ్వలకు బదులు వాటి దారులనే గీతలుగా ఉంచి, ఆకుపచ్చ రంగు వేస్తే గడ్డి దుబ్బులు అవుతాయని కూడా రీవ్స్ చూపించాడు.

మూడవ ఉపాయం కెన్ పెర్లిన్‌ది. 1982లో వచ్చిన ‘ట్రాన్’ చిత్రానికి పనిచేసిన సంస్థలో ఆయన ఉండేవాడు. ఆనాటి కంప్యూటరు బొమ్మలు ప్రతిదీ అప్పుడే కర్మాగారం నుంచి వచ్చిన స్టీలు గిన్నెలా నున్నగా మెరుస్తుండడం ఆయనకు నచ్చలేదు. ఆయన పద్ధతి 1985లో అచ్చయింది. 1997లో ఆస్కార్ సంస్థవారి సాంకేతిక బహుమతి కూడా దానికి వచ్చింది. దాని పూర్తి లెక్క మీకు పై తరగతుల్లో అర్థమవుతుంది. సారం మాత్రం ఇది: గీత మీద ప్రతి సెంటీమీటరుకూ పాచిక వేసి చుక్క పెట్టి, చుక్కలను స్కేలుతో కాక మెత్తని వంపులతో కలపండి. అరసెంటీమీటరు దూరంలో, సగం ఎత్తులతో అటువంటిదే ఇంకొకటి గీసి, రెండింటినీ కూడండి. ఇలా గీత మీద కాక తలం మీద చేస్తే మబ్బు వస్తుంది. పాలరాయి కావాలంటే ముందు తిన్నని చారలు ఊహించుకొని, ప్రతి చోటా చారను ఈ వంపు చెప్పినంత పక్కకు జరపండి. తిన్నని చారలు పాలరాతిలోని రేఖల్లా మెలికలు తిరుగుతాయి.

కాగితాన్ని తలకిందులు చేయండి

ఇంతా చేసి, మన పాచిక కొండ నిజంగా కొండేనా? మీరు అయిదు విడతలు పూర్తి చేసిన గ్రాఫు కాగితాన్ని తలకిందులుగా తిప్పండి. పెద్ద ఆకారాన్ని పక్కన పెట్టి, చిన్న చిన్న మిట్టపల్లాలను మాత్రం చూడండి. తిప్పకముందు ఎలా ఉన్నాయో తిప్పిన తరువాతా అలాగే ఉన్నాయి! పాచికకు పైకి, కిందికి రెండూ సమానమే కాబట్టి మిట్టకూ పల్లానికీ తేడా లేదు.

నిజమైన కొండల ఫోటోను తలకిందులు చేస్తే అలా ఉండదు, వెంటనే పసిగట్టేస్తాం. కారణం నీరు. వాన శిఖరం మీదా లోయ మీదా ఒకేలా పడవచ్చు గాని, పడిన నీరు కిందికే పారుతుంది. వాగులు కలిసి ఏరవుతాయి, మట్టిని కోసుకుపోయి పల్లంలో మేట వేస్తాయి. శిఖరాలకు మొనలు, లోయలకు మేటలు ఏర్పడతాయి. పాచికకు ఈ చరిత్ర తెలియదు. కార్పెంటర్ కొండల్లో ఎంత వెతికినా ఒక్క ఏరు దొరకదు. 1989లో కెన్ మస్‌గ్రేవ్, మరి ఇద్దరు కలిసి ఈ లోటు తీర్చే దారి చూపారు. ముందు యాదృచ్ఛికంగా నేలను తయారు చేసి, ఆపైన దాని మీద లెక్కల వాన కురిపించారు. ప్రతి బిందువు మీద పడిన నీటిని దానికన్నా పల్లమైన పక్క బిందువుకు పంపారు. నీటితో పాటు కొంత మట్టిని కూడా పంపారు, నీరు నెమ్మదించిన చోట మట్టిని దించారు. ఈ లెక్కను అనేకసార్లు తిప్పితే వాగులు వాటంతట అవే పుట్టాయి.

మీ కాగితం మీద కూడా కొంచెం వాన కురిపించవచ్చు. గీతలో ఎక్కడెక్కడ గుంట ఉందో చూడండి. నీరు పొర్లిపోయే మట్టం వరకు ప్రతి గుంటనూ ఒక అడ్డగీతతో పూడ్చండి. పెద్ద గుంటను సగం వరకు పూడ్చినా చాలు. శిఖరాలను ముట్టుకోకండి. ఇప్పుడు కాగితాన్ని తలకిందులు చేసి, ఈ సంగతేమీ తెలియని తమ్ముడికో చెల్లెలికో చూపించి, ఏది పైవైపో అడగండి.